వైజాగ్‌లో నలభై ఒక్కమందికి బస్సు మాట్లాడిన నా అనుభవం

2026 జనవరి 24, 25 తేదీల్లో మా రిటైర్డ్ టీచర్ల బృందం వైజాగ్ వెళ్లొచ్చింది. వరంగల్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి, ఊళ్లో తిరగడానికీ అరకు వెళ్లిరావడానికీ అక్కడి బస్సే మాట్లాడుకోవాలని ముందే అనుకున్నాం. భార్యలు, భర్తలతో కలిపి నలభై ఒక్కమందిమి. అందరిలోకి పెద్దాయనకు 78 ఏళ్లు. ఇద్దరికి మోకాళ్ల ఆపరేషన్లయ్యాయి. రైలు టికెట్లు, హోటలు వేరేవాళ్లు చూసుకున్నారు. బస్సు సంగతి నాకు అప్పజెప్పారు. ఇలా పెద్దవాళ్లను తీసుకుని వెళ్లేవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డిసెంబరు మొదటి వారంలోనే ఫోన్లు మొదలుపెట్టాను. మొదటిరోజే ఒక విషయం తెలిసింది. జనవరి 25 ఆదివారం రథసప్తమి. ఆ రోజు శ్రీకాకుళం దగ్గర అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి జనం పోటెత్తుతారు, చుట్టుపక్కల జిల్లాల బస్సులన్నీ అటే పోతాయి. పైగా ఆ మర్నాడు రిపబ్లిక్ డే సెలవు. "ఆ రెండు రోజులకా మేడం? ఇప్పుడే అడ్వాన్స్ వేసెయ్యండి, సంక్రాంతి దాటితే బండి దొరకదు" అని ప్రతి ట్రావెల్స్ వాళ్లూ అన్నారు. వ్యాపారం కోసం అంటున్నారేమో అనుకున్నాను కానీ, అది నిజమేనని తర్వాత తెలిసింది. మీరు వెళ్లే తేదీల్లో ఆ చుట్టుపక్కల ఏ పండగ ఉందో, ఏ జాతర ఉందో పంచాంగంలో చూసుకునే తేదీలు ఖాయం చేసుకోండి.

రేట్లు అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. ఒకరు కిలోమీటరుకు 62 రూపాయలే అన్నారు. వినడానికి చవకగానే ఉంది. అయితే రోజుకు కనీసం 300 కిలోమీటర్లకు డబ్బు కట్టాలట. ఊళ్లో తిరిగే రోజు మేం వంద కూడా దాటం. ఇంకొకరు ఊళ్లో తిరిగే రోజుకు గంటల ప్యాకేజీ, అరకు రోజుకు కిలోమీటర్ల ప్యాకేజీ అని విడదీసి చెప్పారు. మాకు అదే కలిసొచ్చింది. చివరకు 45 సీట్ల ఏసీ బస్సు, పుష్‌బ్యాక్ సీట్లు, మొదటిరోజు 12 గంటలు, 120 కిలోమీటర్లకు 17,000, అరకు రోజు 280 కిలోమీటర్లకు 28,000, ఆపైన కిలోమీటరుకు 75 చొప్పున కుదిరింది. టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా, క్లీనర్ బత్తా మావే. బిల్లు కావాలంటే 5 శాతం జీఎస్టీ అదనం. బృందం డబ్బు కాబట్టి బిల్లు కావాలనే చెప్పాను.

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మీటరు ఎక్కడి నుంచి లెక్కపెడతారు? బస్సు మన హోటలు ముందుకు వచ్చినప్పటి నుంచి కాదు, వాళ్ల షెడ్డులో బయల్దేరినప్పటి నుంచి, మళ్లీ షెడ్డులో ఆగేదాకా. ఈ ఓనరు షెడ్డు గాజువాక అవతల ఉంది. మా హోటలు స్టేషన్ దగ్గర. అంటే రానూపోనూ రోజుకు 36 కిలోమీటర్లు మేం ఎక్కకుండానే తిరుగుతాయన్నమాట. గంటలు కూడా షెడ్డు నుంచే లెక్క అన్నారు. కిలోమీటర్లకు ఒప్పుకున్నాను గానీ గంటలు మాత్రం హోటలు నుంచే అని గట్టిగా పట్టుబట్టాను. రెండురోజులు నానబెట్టి ఒప్పుకున్నారు.

డిసెంబరు 12న 10,000 అడ్వాన్స్ ఫోన్‌పే చేశాం. దానికి ముందు వాట్సాప్‌లో అన్నీ ఒకే మెసేజ్‌గా రాసి పంపి, "ఓకే" అని జవాబు తీసుకున్నాను. బస్సు నంబరు కూడా అడిగాను. "అప్పుడే నంబరెందుకు మేడం" అన్నారు. ఇవ్వకపోతే అడ్వాన్స్ వెయ్యనన్నాను. నంబరు రాగానే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూశాను. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, సీట్ల సంఖ్య అన్నీ అందులో కనిపిస్తాయి, రెండు నిమిషాల పని. మా కోడలు నేర్పించింది.

జనవరి 18న మా అందరి పేర్లు, వయసులు పంపమన్నారు. ఇలా ఒకే బృందం మాట్లాడుకున్న బస్సులో ప్రయాణికుల జాబితా ఉండాలి, చెకింగ్ వాళ్లు ఆపితే చూపించాలి. అదే రోజు మరో 15,000 వేశాం. మిగిలింది చివర్లో ఇస్తామన్నాం. మొత్తం ముందే వెయ్యమని రెండుసార్లు అడిగారు కానీ నేను ఒప్పుకోలేదు. ఆ మిగిలిన డబ్బు మా చేతిలో ఉండబట్టే తర్వాత మా మాట చెల్లిందని నా నమ్మకం.

23 సాయంత్రం రైలెక్కాం. ఖమ్మం దాటాక ఫోనొచ్చింది. "మేడం, మీ బండికి ఏసీ ప్రాబ్లం వచ్చింది. ఇంకో మంచి బండి పంపిస్తున్నాం." లైన్ కట్టయింది. మళ్లీ సిగ్నల్ వచ్చేసరికి వాట్సాప్‌లో కొత్త నంబరు ఉంది. యాప్‌లో చూస్తే కాగితాలన్నీ బాగానే ఉన్నాయి. సీట్లు మాత్రం డ్రైవరుతో కలిపి 41. అంటే మాలో ఒకరికి సీటు లేదు. ఫోన్ చేసి చెబితే "ఒక్కరే కదండీ, క్యాబిన్‌లో కూర్చుంటారు" అన్నారు. అరకు ఘాట్ రోడ్డులో ఎవర్ని కూర్చోబెట్టను క్యాబిన్‌లో? కుదరదన్నాను. "పొద్దున చూద్దాం లెండి" అని పెట్టేశారు.

ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు. బెర్తు మీద పడుకుని ప్లాన్ ఎలా మార్చాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఇంతమంది నా మాట మీద బయల్దేరారు. ఎదురు బెర్తులో మా హెడ్మాస్టర్ గారి భార్య గురక పెట్టి నిద్రపోతున్నారు, రేపు సింహాచలం అప్పన్న దర్శనం అన్న సంతోషంతో. ఆవిడను చూస్తే ఇంకా టెన్షన్ పెరిగింది. ఎవరికీ చెప్పలేదు. తెల్లవారాక ముగ్గురికి మాత్రం చెప్పాను.

ఉదయం ఆరున్నరకు హోటల్లో దిగాం. ఎనిమిదింటికి రావాల్సిన బస్సు ఎనిమిదీ పదికి వచ్చింది. ఆ చిన్న బస్సే. అందరూ సామాన్లతో బయటికి వచ్చేశారు. ఎవర్నీ ఎక్కొద్దని చెప్పి, నేనూ మా లెక్కల మాస్టారూ ఎక్కాం. సీట్లు శుభ్రంగానే ఉన్నాయి. క్లీనర్ కుర్రాడిని పిలిచి "బాబూ, ఆ ఎమర్జెన్సీ డోర్ ఒకసారి తెరువు" అన్నాను. ఎందుకన్నట్టు చూశాడు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర బస్సు కాలిపోయి అంతమంది చనిపోయిన వార్త చూసినప్పటి నుంచి, ఏ బస్సెక్కినా నా కళ్లు ఆ తలుపు మీదికే పోతున్నాయి. అతను పిడి పట్టి లాగాడు. కదల్లేదు. రెండు చేతులతో లాగాడు. కిందికి దిగి బయట నుంచి ప్రయత్నించాడు. పిడి చుట్టూ పెయింటు పొక్కులు లేచి, వాటి కింద నుంచి తుప్పు పొడిపొడిగా రాలింది. గడియ పట్టేసింది. "ఉప్పుగాలమ్మా, ఇక్కడ బళ్లన్నిటికీ ఇంతే, నూనె వేస్తే వచ్చేత్తాది" అన్నాడు పాపం. పావుగంట కొట్టినా రాలేదు. లెక్కల మాస్టారు అదంతా వీడియో తీశారు.

సముద్రం పక్క ఊళ్లలో బస్సు మాట్లాడుకునేవాళ్లు ఈ ఒక్క పనీ మరిచిపోవద్దని బతిమాలి చెబుతున్నాను. ఏసీ, సీట్లు, టీవీ చూసి సరిపెట్టుకోకండి. ఎమర్జెన్సీ తలుపు, డిక్కీ గడియలు, ప్రమాదంలో అద్దాలు పగలగొట్టడానికి పెట్టే సుత్తులు ఉన్నాయో లేవో స్వయంగా తీయించి చూడండి. బయటికి మెరుస్తూ ఉన్న బండికే ఆ తలుపు పట్టేసి ఉంది.

వీడియో ఓనరుకు పంపాను. "ఈ బస్సు మేం ఎక్కం. మేం మాట్లాడుకున్నదే పంపండి. లేకపోతే అడ్వాన్స్ వాపసు ఇవ్వండి, కాగితాలు పట్టుకుని రవాణా శాఖకు వెళ్తాం" అని ఫోన్‌లో చెప్పాను. చేతులు వణికాయి కానీ గొంతు వణకలేదు. ముప్పై ఏళ్లు తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పిన గొంతు అది. పది నిమిషాల తర్వాత "గంటలో పంపిస్తాం" అన్నారు. పెద్దవాళ్లను లాబీలో కూర్చోబెట్టాం. కొందరు విసుక్కున్నారు. "ఏదో ఒకటి ఎక్కి పోదాం, ఎంతసేపు?" అన్నారు ఒకాయన. ఆయనకు వీడియో చూపించారు లెక్కల మాస్టారు. మళ్లీ ఆ మాట అనలేదు.

అసలు బస్సు పదీ నలభైకి వచ్చింది. ఈసారి తలుపు ఒక్క లాగుకు తెరుచుకుంది. సుత్తులు నాలుగుండాల్సిన చోట రెండే ఉంటే, మిగతా రెండూ చిన్న బస్సులోంచి ఇందులోకి మార్పించాం. మీటరు రీడింగ్ ఫోన్‌లో ఫొటో తీసుకున్నాం. ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

డ్రైవరు యాభై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "రాత్రి ఎక్కడ పడుకున్నారు?" అని అడిగాను. కాసేపు ఆగి చెప్పాడు. "శ్రీకాకుళం ట్రిప్పు నుంచి ఇప్పుడే వత్తన్నామమ్మా. తెల్లారి మూడింటి దాకా అక్కడే." అంటే ఏసీ చెడిపోలేదు. మా బస్సును ఇంకో బేరానికి తిప్పారు. కోపం కన్నా భయం వేసింది. నిద్ర లేని మనిషి చేతిలో ఇంతమందిమి. ఆయన్ని ఏమనగలం, చెప్పిన చోటికల్లా పోకపోతే పని పోతుంది. ఓనరుకు మళ్లీ ఫోన్. ఈరోజు ఊళ్లోనే కాబట్టి నెమ్మదిగా తిరుగుతాం, మధ్యలో రెండు గంటలు ఆయన పడుకోవాలి, రేపు అరకుకు వేరే డ్రైవరు రావాలి, ఘాట్‌లో రోజూ తిరిగేవాడై ఉండాలి అన్నాను. డ్రైవరుతో రోజుకు ఎనిమిది గంటలు, దూరప్రయాణమైతే పది గంటలకు మించి పని చేయించకూడదని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పేది. మా సోషల్ మాస్టారికి అది తెలుసు, ఫోన్ తీసుకుని ఆయనే చెప్పారు. ఓనరు ఇక వాదించలేదు.

మొదటిరోజు ప్లాన్ చాలా వరకు మారిపోయింది. సింహాచలం కొండ కింద బస్సు ఆపుకుని, పైకి వెళ్లే బస్సుల్లో వెళ్లాం. శనివారం కావడంతో క్యూ పొడుగ్గా ఉంది. మేం దర్శనం చేసుకుని వచ్చేలోపు డ్రైవరు సీటు వెనక్కి వాల్చి హాయిగా నిద్రపోయాడు. ఆ ఆలస్యం ఆయనకు మేలే చేసింది. తర్వాత భోజనాలు, రుషికొండ. భీమిలి మాత్రం పోయింది. అక్కడి డచ్చివాళ్ల సమాధులు చూడాలని సోషల్ మాస్టారు రైల్లో ఎంత ముచ్చటగా చెప్పారో. ఆయన ముఖం చూడలేకపోయాను. 26న ఖాళీ ఉంది కదా అని ఆయనా ఇంకో నలుగురూ సిటీ బస్సులో వెళ్లి చూసొచ్చారు. అప్పటికి గానీ నా మనసు కుదుటపడలేదు.

బీచ్ దగ్గర బస్సుతో వచ్చే చిక్కులు కొన్ని రాస్తాను. ఆర్కే బీచ్ రోడ్డులో సాయంత్రం పెద్ద బస్సు నిలపనివ్వరు. దింపి వెళ్లిపోవాలి, దూరంగా ఎక్కడో పెట్టుకోవాలి, పిలిస్తే రావాలి. శనివారం ట్రాఫిక్‌లో పిలిచాక వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. అందుకని దిగేటప్పుడే "ఏడున్నరకు కాళీమాత గుడి ముందు" అని అందరికీ చెప్పి, డ్రైవరుకు ఏడింటికే ఫోన్ చెయ్యాలి. అక్కడే మ్యూజియంగా మార్చిన కురుసుర సబ్‌మెరైన్ లోపల తలుపులు చిన్న గుండ్రటి కంతల్లా ఉంటాయి, వంగి కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులవాళ్లు బయటే ఉండిపోయారు, వాళ్లకు తోడుగా ఇద్దర్ని ఉంచాం. మ్యూజియం సోమవారం ఉండదు, అందుకే దాన్ని శనివారం పెట్టుకున్నాం.

రుషికొండలో కెరటాల్లో తడిసినవాళ్లు ఎక్కబోతుంటే క్లీనర్ అడ్డంగా నిలబడ్డాడు. తడి బట్టలతో సీట్లలో కూర్చుంటే ఉప్పునీళ్లకు గుడ్డ పాడవుతుందట, సీటుకు ఐదొందలు ఓనరుకు కట్టాలట. ఈ మాట ఎవరూ ముందు చెప్పలేదు. తువ్వాళ్లు పరిచాం. కాళ్లకు అంటిన ఇసుక దులుపుకోవడానికి ఒక పాత గోనెసంచి మెట్టు దగ్గర వేయించాం. ఇంకొకటి, పెద్ద బస్సు మొదటి మెట్టు చాలా ఎత్తు. రోజుకు పదిసార్లు ఎక్కి దిగాలంటే పెద్దవాళ్లకు నరకం. నూట ఎనభై పెట్టి ఒక ప్లాస్టిక్ స్టూల్ కొన్నాం. మొత్తం ప్రయాణంలో అంత ఉపయోగపడిన ఖర్చు ఇంకోటి లేదు.

25న అరకు. కొత్త డ్రైవరు ఐదున్నరకే వచ్చి టైర్లు తట్టి చూసుకుంటున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. అతనిది శృంగవరపుకోట, ఘాట్ మొదలయ్యే వైపే. రాత్రి పదింటికే పడుకున్నానని అడగకముందే చెప్పాడు, ఓనరు చెప్పి పంపినట్టున్నాడు. ఆరింటికి బయల్దేరాం. 2021 ఫిబ్రవరిలో ఈ దారిలోనే, అనంతగిరి మండలం డముకు దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన టూరిస్టు బస్సు లోయలో పడింది. ఆ సంగతి మాలో చాలామందికి గుర్తుంది, ఎవరూ పైకి అనలేదు. ఆ మలుపు దాటేదాకా బస్సులో మాటల్లేవు. అతను లో గేరు వదల్లేదు. మలుపు మలుపుకీ హారన్ కొట్టాడు. వెనక కార్లవాళ్లు తొందరపెడితే వెడల్పున్న చోట పక్కకు తీసి వాళ్లను పోనిచ్చాడు. ఎక్కేటప్పుడు కాసేపు ఏసీ ఆపుతానని ముందే చెప్పాడు. అద్దాలు తెరుచుకున్నాం, చల్లగాలికి ఏసీ గుర్తురాలేదు.

వాంతులయ్యేవాళ్లను ముందు సీట్లలో కూర్చోబెట్టాలి. మేం అలాగే కూర్చోబెట్టినా ముగ్గురికి తప్పలేదు. కవర్లు, నిమ్మకాయలు ఎక్కువే పట్టుకెళ్లండి. బొర్రా గుహల దగ్గరికి పది గంటల లోపే చేరాం. లోపల మెట్లు చాలా ఉన్నాయి, తడిగా జారుతుంటాయి. ఎనిమిదిమంది బయటే ఆగిపోయారు. మధ్యాహ్నం ఒంటిగంటకు అరకు, భోజనం, గిరిజన మ్యూజియం, కాఫీ. మూడున్నరకల్లా అందర్నీ ఎక్కించెయ్యమన్నాడు డ్రైవరు. చీకటి పడక ముందే ఘాట్ దిగిపోవాలని, పొగమంచు దిగితే తనకు కూడా ముందు ఏమీ కనిపించదని చెప్పాడు. ఇంకో గంట ఉందామని కొందరు గొడవ చేశారు. నేను డ్రైవరు పక్షమే. వెలుతురు ఉండగానే శృంగవరపుకోట చేరాం. అక్కడ టీ తాగుతుంటే, పొద్దుటి నుంచి భుజాల్లో పట్టేసిన బిగువు ఒక్కసారిగా వదిలినట్టయింది. ఎనిమిదిన్నరకు హోటల్లో ఉన్నాం.

ఆ రాత్రే లెక్క తేల్చుకున్నాం. రెండో రోజు షెడ్డు దూరం కలిపి 306 కిలోమీటర్లు. ఫొటోలున్నాయి కాబట్టి ఆ అంకె మీద మాట పెరగలేదు. అదనపు 26 కిలోమీటర్లకు 1,950. జీఎస్టీ, ఇద్దరి బత్తాలు 2,600, టోల్, పార్కింగ్ 1,900 కలిపి మొత్తం 53,800 దాకా అయింది. మొదటిరోజు రాత్రి పదకొండింటి దాకా తిరిగామని అదనపు గంటలకు 1,500 అడిగారు. హోటలు ముందుకు బస్సు పదీ నలభైకి వచ్చిన ఫొటో పంపాను. లెక్క పన్నెండు గంటల ఇరవై నిమిషాలే తేలింది, ఆ ఇరవై నిమిషాలు కూడా వదిలేశారు. ఆలస్యానికి తగ్గింపు అడిగితే మాత్రం ఇవ్వలేదు. అది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. డ్రైవర్లిద్దరికీ, క్లీనరుకూ కలిపి 1,500 మేమే సంతోషంగా ఇచ్చాం. తలా 1,500 వసూలు చేశాం కాబట్టి 150 చొప్పున తిరిగి ఇవ్వగలిగాం.

బిల్లు కోసం మళ్లీ ఫోన్లు చెయ్యాల్సి వచ్చింది. 31న వాట్సాప్‌లో వచ్చింది. అందులో పాత చిన్న బస్సు నంబరు వేశారు. సరిచేసి పంపమన్నాను, ఫిబ్రవరి 3న సరైన నంబరుతో వచ్చింది.